‘మొల్ల’ పేరుకు అర్థం దొరకట్లేదన్న వారికి

పాపకి నానమ్మ ‘మొల్ల’ అని పేరు చెబితే యాప్‌లలో అర్థం దొరకలేదని, మీ అత్తగారేమో అది ‘ముల్లా కదా’ అంటున్నారని రాశారు కదా. మొల్ల సంస్కృతం కాదు, తెలుగు మాట. పిల్లల పేర్ల యాప్‌లు ఎక్కువగా సంస్కృతం చుట్టూనే తిరుగుతాయి, అందుకే మీ పాపకి నానమ్మ చెప్పిన పేరు వాటిలో లేదు.

1. అర్థం: మల్లె జాతిలో ఒక పువ్వు.

2. చాలామంది తప్పేది ఇక్కడే. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ముల్లా, మోలా అన్నీ కలిసొస్తాయి. మీ అత్తగారు ‘ముల్లా కదా’ అన్నదీ ఆ స్పెల్లింగ్ చూసే అయ్యుంటుంది. ఆ మాటకూ దీనికీ చుట్టరికం లేదు. ఫోన్ కీబోర్డు తెలుగుకి మార్చండి. ‘మ’కి ఒత్వం (ఓత్వం కాదు), ‘ల’ కింద ల వత్తు. అలా ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతకండి.

3. వాడుక: బాగా అరుదు. రామాయణం రాసిన కవయిత్రి మొల్ల తప్ప ఇంకొకరు చప్పున గుర్తురారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది. ఓ సాయంత్రం అత్తగారిని అక్కడికి తీసుకెళ్లండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

4. జనన సర్టిఫికెట్‌లో పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు, తొందరపడకండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో M తర్వాత O అక్షరం పెట్టించండి, U వద్దు.