పన్ను, చార్జీల పెంపు మీద అభ్యంతరం ఎక్కడ చెప్పాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. కింద చిన్న కిరాణా కొట్టు, పైన ఇల్లు. కార్పొరేషన్ బడ్జెట్ మీటింగులో ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు చార్జీలు పెంచుతారని అంటున్నారు. మాలాంటి వాళ్లు వెళ్లి మాట్లాడవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఈ మూడూ ఒకచోట తేలేవి కావు. ఎక్కడ అడగాలో తెలియక గడువు దాటబెట్టుకున్నవాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇంటి పన్ను, నల్లా బిల్లు కార్పొరేషన్ చేతిలోవి. కానీ దాని కౌన్సిల్ సమావేశంలో మాట్లాడే హక్కు సభ్యులది. కాబట్టి ముందే మీ డివిజన్ కార్పొరేటర్‌కు, కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి. నోటిమాట రికార్డుకెక్కదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా పన్ను వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. పెంపు ఏ తీర్మానం, ఏ జీవో ప్రకారం జరిగిందో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక్క జాగ్రత్త: ఇంటి పన్ను కోసం మీరిచ్చే స్వీయ ధ్రువీకరణలో కొలతలు తగ్గించి రాయొద్దు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం పన్నుకు 25 రెట్లు జరిమానా పడుతుంది.

కరెంటు సంగతి పూర్తిగా వేరు. ఆ రేట్లతో కార్పొరేషన్‌కు సంబంధం లేదు. మన కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ ప్రతిపాదిస్తుంది, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ఆ ప్రతిపాదనను ప్రజల ముందు పెట్టాలి, అభ్యంతరాలు పరిశీలించాకే ఉత్తర్వు ఇవ్వాలి. మీరు నేరుగా నిలబడి మాట్లాడగలిగేది మండలి జరిపే బహిరంగ విచారణలోనే. పత్రికల్లో వచ్చే ప్రకటన చూసి, గడువులోగా అభ్యంతరం మండలికి పంపండి, ఒక కాపీ నక్కలగుట్టలోని సంస్థ కార్యాలయంలో ఇవ్వండి. ‘స్వయంగా మాట్లాడతాను’ అని అందులో తప్పక రాయండి. బహిరంగ విచారణలో తెలుగులోనే మాట్లాడవచ్చు, రైతులు అలాగే మాట్లాడుతున్నారు.

‘రేట్లు పెంచొద్దు’ అని ఊరుకుంటే బలం ఉండదు. మీ ఇంటి మీటరు ఎల్‌టీ-1, కొట్టు మీటరు ఎల్‌టీ-2 కేటగిరీ కిందికి వస్తాయి. ఎల్‌టీ-2లో ఫిక్స్‌డ్ చార్జీ ఎంత, యూనిట్ రేటు ఎంత పెంచుతున్నారో చూసి, పాత బిల్లులు జతచేసి, మీ మీద పడే భారం రూపాయల్లో రాయండి. అలా రాస్తే సంస్థ దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

మీ ఒక్క బిల్లులోనే తప్పుంటే ఈ విచారణ దాకా ఆగనక్కర్లేదు. సంస్థలోనే ఉన్న వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లండి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.