ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలా?

ప్రశ్న: అన్నా, మా అన్నయ్య 2018లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్ చేయించిన పీసీ ఇప్పుడు నా చేతికొచ్చింది. రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్. పోయిన సంక్రాంతికి పాత జీటీఎక్స్ 1060 తీసేసి ఆర్‌టీఎక్స్ 3060 పెట్టించాడు. మానిటర్ 144 హెర్ట్జ్‌ది. అయినా కౌంటర్ స్ట్రైక్ 2లో నాలుగు స్మోక్‌లు (పొగ బాంబులు) పడ్డాయంటే గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. ఒక షాపులో అడిగితే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ అన్నీ మార్చాల్సిందే అన్నారు. నాన్న పదిహేను వేలకు మించి ఇవ్వనంటున్నారు. ఏం చేయమంటారు?
– బీటెక్ విద్యార్థి, మల్కాజిగిరి

జవాబు: తమ్ముడూ, నీ బోర్డుకు ఏ లోటూ లేదు, దాన్ని మార్చకు. పార్క్‌లేన్‌లో బెంచీ మీద మెషీన్లు బిగించిన రోజుల నుంచీ చూస్తున్నాను, బాగున్న బోర్డును పాతదని తీసి పక్కన పడేయిస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కాకపోతే నాన్నగారిని డబ్బు అడిగే ముందు తప్పు ప్రాసెసర్‌దేనని నువ్వు తేల్చుకోవాలి.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితమే. అది వేసుకుని, గేమ్ ఆడుతుండగా గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పనిచేస్తోందో తెర మీద కనపడేలా పెట్టుకో. సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్యకు (ఎఫ్‌పీఎస్) కళ్లెం వేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ ముందే తీసేయ్. కార్డు 97, 98 శాతం దగ్గర నడుస్తుంటే ప్రాసెసర్ మార్చి లాభం లేదు. 60 శాతం దగ్గరే ఉండిపోయి, రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే మాత్రం కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ సగమే వాడుతున్నట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మకు. అది ప్రాసెసర్‌లోని ఆరు కోర్లు (పనిచేసే భాగాలు) నడిపే పన్నెండు థ్రెడ్ల (పని వరుసల) సగటు. అందులో ఒక్క కోర్ నిండిపోయినా గేమ్ దాని దగ్గరే ఆగుతుంది.

అదే టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ స్పీడు కూడా చూడు. స్టిక్కర్ మీద 3000 అని ఉండి అక్కడ 2133 కనిపిస్తే, ఇన్నేళ్లూ ఎవరూ బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదని అర్థం. రైజెన్ లోపలి దారులు ర్యామ్ స్పీడుతో కలిసే నడుస్తాయి కాబట్టి ఈ లోటు 2600కి గట్టిగానే తగులుతుంది. ర్యామ్ రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉండాలి. ఇక ఎండాకాలం మధ్యాహ్నం, పై అంతస్తులో స్లాబు కింద గదిలో ఆడుతుంటే వేడి కూడా చూసుకో. 2600కి గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన ఇన్నేళ్ల థర్మల్ పేస్ట్ ఎండిపోయే ఉంటుంది. దుమ్ము దులిపి కొత్త పేస్ట్ రాస్తే అయ్యే ఖర్చు కొంచెమే.

ఇవన్నీ చేశాక కూడా స్మోక్‌ల దగ్గర ఆగుతుంటే రైజెన్ 5 5600 తీసుకో. దానికీ ఆరు కోర్లే, 65 వాట్లే, కాబట్టి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చక్కర్లేదు. తేడా అమరికలో ఉంది. 2600లో ఆరు కోర్లు ముగ్గురు ముగ్గురు అన్నదమ్ముల్లా రెండు వాటాల్లో కాపురం ఉంటాయి. ఒక్కో వాటాకు 8 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ), అవతలి వాటా వాళ్లతో పని పడితే బయటికెళ్లి తలుపు కొట్టాలి. 5600లో ఆరూ ఒకే వాటాలో ఉండి 32 ఎంబీ క్యాష్‌ను కలిసి వాడుకుంటాయి. నువ్వు చెప్పిన ఆగుడు ఎక్కువగా తగ్గేది అందువల్లే. షాపులో 5500 గానీ 5600జీ గానీ చూపించి "రెండూ ఒకటే" అంటే ఒప్పుకోకు. వాటిలో క్యాష్ 16 ఎంబీయే. 5700ఎక్స్3డీలో 96 ఎంబీ ఉంది, చాలా మంచి ప్రాసెసర్. కానీ కూలర్ విడిగా కొనాలి, నీ పదిహేను వేలు సరిపోవు. కొత్త తరం ఏఎం5 బోర్డుకు వెళ్తే అది డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది, నీ డీడీఆర్4 ర్యామ్ వృథా అవుతుంది. పైగా ఈమధ్య ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో నీకు తెలిసే ఉంటుంది.

పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి, ఇది మరిచిపోవద్దు. బోర్డు మీద రాసిన మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా చూసి, తయారీదారు వెబ్‌సైట్‌లో 5600కి ఏ వెర్షన్ కావాలో కనుక్కో. మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడవ్వచ్చు కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకో. ప్రాసెసర్ మారగానే దాని లోపల తాళాలు దాచే టీపీఎం కొత్తదై ఆ కీ అడుగుతుంది. అప్‌డేట్ తర్వాత బయాస్‌లో ఎక్స్‌ఎంపీ, సెక్యూర్ బూట్ (పీసీ మొదలయ్యేటప్పటి భద్రతా సెట్టింగ్) ఆఫ్ అయిపోయి ఉండొచ్చు, మళ్లీ పెట్టుకో. విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్లయితే సెక్యూర్ బూట్ లేకుండా గేమే తెరుచుకోదు.

కూలర్ తీసేముందు ఓ పది నిమిషాలు గేమ్ నడిపి, ఆపేసి, ప్లగ్గు పీకు. పేస్ట్ మెత్తబడి ఉంటుంది. కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే పైకెత్తు. నిలువునా లాగితే ప్రాసెసర్ కూడా దానికే అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. తీసిన 2600ని కొత్త ప్రాసెసర్ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో భద్రంగా పెట్టు. పిన్నులు తిన్నగా ఉంటే దానికి ఇంకా కొనేవాళ్లున్నారు. ఆ వచ్చిన డబ్బు నాన్నగారికి ఇచ్చెయ్.