ఒంటికాలి మనిషి కబురు ఎవరు తెచ్చారు?

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ప్రదర్శనలో పెట్టే పాత ప్రపంచ పటాల నకళ్లకు వివరణలు రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన మొదటి వివరణ చదివాను. అందులో ‘ఆ కాలపు అజ్ఞానానికి నిదర్శనం’ అన్న ముక్క కొట్టేయి. చూడవచ్చినవాళ్లకు దానివల్ల తెలిసేది ఏమీ లేదు.

పటంలో వింత బొమ్మ కనిపిస్తే, ఈ కబురు ఇతనికి ఎవరు చేరవేశారని ముందు అడుగు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో 1300 ప్రాంతంలో గీసిన పటం ఉంది. మొత్తం ఒకే దూడ చర్మం, ఎత్తు మీటరున్నర పైమాటే. తూర్పు దిక్కు పైన, జెరూసలేం నడిబొడ్డున. అందులో ఒంటికాలి మనిషి ఒకడు తన పాదాన్నే గొడుగులా తలకు అడ్డం పెట్టుకుని ఉంటాడు. వాడి కాపురం మన ఇండియాలోనే! ఈ కథ క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడి రాతల్లో ఉండేది. పారశీక రాజు కొలువులో ఉంటూ, ఇక్కడ అడుగైనా పెట్టకుండా, ఇండియా గురించి గ్రంథం రాసిన ఘనుడాయన. రోము రచయిత ప్లినీ దాన్ని ఎత్తిరాసుకున్నాడు, తర్వాతివాళ్లు ప్లినీని. పటంలోకి ఎక్కేసరికి ఆ కథ వయసు పదిహేడు వందల ఏళ్లు. గీసినవాడు మనల్ని వెక్కిరించలేదమ్మా, చదివినదాన్ని నమ్మాడు. అంతెందుకు, అదే పటంలో యూరప్ మీద ‘ఆఫ్రికా’ అనీ, ఆఫ్రికా మీద ‘యూరప్’ అనీ బంగారు అక్షరాలతో తారుమారుగా రాసి ఉంది. సొంత ఇంటి గుమ్మానికే పక్కింటి పేరు తగిలించుకున్నారు!

కబురు వర్తకుల నోట వస్తే బొమ్మ ఎలా మారుతుందో 1375 నాటి కటలన్ అట్లాస్‌లో చూడు. స్పెయిన్ దగ్గరి మయోర్కా దీవిలోని యూదు పటకర్త అబ్రహాం క్రెస్కెస్ పని అంటారు. సహారాకు దిగువన, పశ్చిమాఫ్రికాలోని మాలి రాజ్యపు రాజు మాన్సా మూసా బంగారు ముద్దను ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ముఖానికి ముసుగు చుట్టుకుని ఒంటె మీద ఒకడు వస్తున్నాడు. మూసా 1324లో మక్కా యాత్రకు పోతూ కైరోలో బంగారాన్ని ఎంతగా గుమ్మరించాడంటే, అక్కడ దాని ధరే పడిపోయింది. సరుకు దొరికే చోట జనానికి రెండు కాళ్లూ మొలుస్తాయి! అయితే భూతద్దం పెట్టి కిరీటం చూడు. అచ్చం యూరప్ రాజులదే. రాజదండం కొసన వాళ్ల లిల్లీ పువ్వే. పైగా అప్పటికి మూసా పోయి దాదాపు నలభై ఏళ్లు. ఈ రెండు సంగతులూ వివరణలో తప్పక ఉండాలి.

రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలమీ లెక్కల ప్రకారం గీసిన పటం కూడా నీ జాబితాలో ఉంది కదా. అందులో మన ద్వీపకల్పం అణిగిపోయి, సింహళం కొండంత ఉంటుంది. ఆకారం చూసి నవ్వేయకుండా తీరం వెంబడి పేర్లు చదువు. కృష్ణా ముఖద్వార ప్రాంతం ‘మైసోలియా’గా కనిపిస్తుంది. నావికులు రేవుల పేర్లు మోసుకుపోగలిగారు, నేల ఆకారాన్ని మోసుకుపోలేకపోయారు.

మాలి రాజు వివరణ తిరగరాసి పంపు. పండక్కి వచ్చినప్పుడు నా పెద్ద భూతద్దం పట్టుకుపో. పిడి విరిగితే దారం చుట్టాను, గట్టిగానే ఉంది.

ఇట్లు,
పెదనాన్న