వాల్వు శబ్దం మందగించినా ఎకో నార్మల్: సమాధానం

ఎకో నార్మల్ అని వచ్చాక కూడా మీ అమ్మగారి వాల్వు గురించి భయపడాలా అని అడిగారు. ఆమె గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్య (మైట్రల్ స్థానంలో) అమర్చిన లోహపు వాల్వు టిక్కుటిక్కుమనే శబ్దం మందగించడం, కొత్తగా ఆయాసం రావడం, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని సూచించే ఐఎన్ఆర్ 1.6కు పడిపోవడం కలిపి చూస్తే, వాల్వు రెక్కల మీద రక్తం గడ్డకట్టిందేమోనని మొదట అనుమానించాలి. చిత్తూరులో ఛాతీ మీద నుంచి తీసిన ఎకో (గుండె అల్ట్రాసౌండ్) నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఆ అనుమానం తీరదు.

1. రేపటి వరకు ఆగకుండా, క్యాథ్‌ల్యాబ్ (గుండెను ఎక్స్‌రేలో చూస్తూ పరీక్షించే గది) ఉన్న తిరుపతి ఆసుపత్రికి, ఉదాహరణకు స్విమ్స్‌కు, ఈరోజే అత్యవసరంగా తీసుకువెళ్ళండి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

2. చాలామంది మరిచేది ఇదే: ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఎకో కాగితాన్ని వెంట తీసుకువెళ్ళాలి. అందులో ‘మీన్ గ్రేడియెంట్’ అనే అంకె, అంటే వాల్వుకు రెండు వైపులా ఉండే సగటు పీడన తేడా, ఉంటుంది. నాడి వేగం దాదాపు ఒకేలా ఉన్నా ఆ అంకె అప్పటికంటే స్పష్టంగా పెరిగితే, రిపోర్టు కింద ఏమని రాసి ఉన్నా, వాల్వు సరిగా తెరుచుకోవడం లేదేమోనని చూడవలసిందే.

3. లోహం నీడ వల్ల ఎడమ కర్ణిక (గుండె పై గది) వైపు గడ్డ మామూలు ఎకోలో కనబడకపోవచ్చు కనుక, అన్నవాహిక ద్వారా తీసే ఎకో అయిన టీఈఈ గురించీ, రెక్కల కదలికను ఎక్స్‌రేలో నేరుగా చూపే ఫ్లోరోస్కోపీ గురించీ అడగండి. రెండవదానికి సాధారణంగా రంగుమందు కూడా అక్కరలేదు.

4. ఐఎన్ఆర్ తగ్గిందని రక్తం గడ్డకట్టకుండా వాడే అసిట్రోమ్ మాత్రలు సొంతంగా పెంచవద్దు. గడ్డ పెరగకుండా ఇచ్చే హెపారినా, గడ్డ కరిగించే మందా, ఆపరేషనా అన్నది పరీక్షల తరువాత వైద్యులే నిర్ణయిస్తారు.