క్రిస్మస్‌కి కీవెనాలో స్నోమొబైల్ ట్రైల్స్ బాగుంటాయా?

మీరు అడిగింది ఇదీ: షికాగో నుంచి నలుగురు స్నేహితులు క్రిస్మస్ సెలవుల్లో మిషిగన్ ఉత్తరాన ఉన్న కీవెనా ద్వీపకల్పం కొసన కాపర్ హార్బర్ అనే ఊరికి వచ్చి స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, నడపాలనుకుంటున్నారు. ఎవరికీ అలవాటు లేదు. అప్పటికే చాలా అంగుళాల మంచు పడిందని వార్తల్లో చూశారు కాబట్టి ట్రైల్స్, అంటే ఈ బళ్లు నడిచే దారులు, బాగానే ఉంటాయా అని.

నేను కీవెనాలోని హోటన్ అనే ఊళ్లో మాస్టర్స్ చేసి ఇక్కడే ఉద్యోగంలో చేరాను. చలికాలంలో సెలవు దొరికితే స్లెడ్ మీదే ఉంటాను. ఇక్కడ స్నోమొబైల్‌ని అందరూ స్లెడ్ అనే అంటారు. నా సలహా ఒక్కటే, పడిన మంచు అంగుళాలు చూసి హోటల్ బుక్ చేయకండి.

కీవెనాలో ఏటా సగటున 200 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. 1978-79లో 390.4 అంగుళాలు పడింది. ఆ రికార్డు చూపించే పొడవాటి బోర్డు యూఎస్-41 హైవే పక్కన ఉంటుంది, దారిలో తప్పకుండా ఆగి చూడండి. ఇంత మంచుకు కారణం లేక్ సుపీరియర్ అనే మహా సరస్సు. వాయవ్యం నుంచి వచ్చే చలిగాలి గడ్డకట్టని సరస్సు మీదుగా తేమ తాగుతూ వచ్చి, మా కొండలు ఎక్కగానే దాన్ని మంచుగా కురిపిస్తుంది. అయితే ఈ మంచు దూదిలా తేలిక. అంగుళం నీరు ఇరవై అంగుళాల మంచుగానో, అంతకంటే ఎక్కువగానో పడుతుంది. దాని మీద నాలుగు స్లెడ్లు వెళ్తే అడుగు మందం కాస్తా రెండు మూడు అంగుళాలకు అణిగిపోతుంది. కింద నేల ఇంకా గడ్డకట్టకపోతే ఆ రెండు మూడు అంగుళాలూ బురదలో కలుస్తాయి.

ట్రైల్ నిలబడాలంటే ముందు నేలా, చిత్తడి చోట్లూ గడ్డకట్టాలి. తర్వాత ఒకటి రెండుసార్లు తడి మంచు, బరువైనది పడి అణగాలి. దాన్నే బేస్ అంటారు. బేస్ ఉంటే పైన నాలుగు అంగుళాల కొత్త మంచు చాలు, దారి అద్భుతంగా ఉంటుంది. బేస్ లేకపోతే 60 అంగుళాలు పడినా రాళ్లు తగులుతూనే ఉంటాయి. మిషిగన్‌లో ట్రైల్ సీజన్ డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు. అది కాగితం మీద తేదీ మాత్రమే. 2023-24 చలికాలంలో డిసెంబరు, జనవరుల్లో కూడా చాలాచోట్ల నేల కనిపించింది, కుక్కబళ్ల పందేలు కూడా రద్దయ్యాయి.

రెండోది గ్రూమర్. ట్రాక్టర్ లాంటి పెద్ద బండి వెనక బరువైన ఇనుప చట్రం లాగుతూ గతుకులు చెక్కి, మంచును అణిచి చదును చేస్తుంది. ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది, ఎందుకంటే చదును చేసిన మంచు గట్టిపడటానికి చలీ, కొన్ని గంటల సమయమూ కావాలి. అందుకే పొద్దున్నే ట్రైల్ బల్లపరుపుగా ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి బ్రేకులు, యాక్సిలరేటర్ల దెబ్బకు మలుపుల దగ్గర వరసగా గుంతలు పడతాయి, నడుము విరిగినంత పనవుతుంది. ఈ పనంతా ఊళ్లోని స్నోమొబైల్ క్లబ్బులే చూసుకుంటాయి, దానికి డబ్బు మనం కొనే ట్రైల్ పర్మిట్ల నుంచి వస్తుంది. అద్దె బండి మీద పర్మిట్ స్టిక్కర్ ఉందో లేదో చూసుకోండి. గ్రూమర్ ఎదురైతే పక్కకు తీసి ఆగండి, దారంతా అదే ఆక్రమించి వస్తుంది.

కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఈ బళ్లలో చాలావాటికి ఇంజన్ చల్లబడాలంటే మంచు కావాలి. బండి కింద తిరిగే రబ్బరు పట్టా, అంటే ట్రాక్, విసిరే మంచు బండి అడుగున ఉన్న కూలర్ల మీద పడాలి, ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకు తడి తగలాలి. ఎండ కాసి, మళ్లీ గడ్డకట్టి ట్రైల్ అద్దంలా మారిన రోజున విసరడానికి పొడి మంచే ఉండదు. కొద్ది మైళ్లకే టెంపరేచర్ లైటు వెలుగుతుంది. అలాంటి రోజుల్లో మేం స్క్రాచర్లు దింపుకుని నడుపుతాం. అవి మంచును గీకి పైకి చిమ్మే స్ప్రింగు తీగలు. అద్దె బండికి అవి ఉన్నాయా, ఎలా దింపాలి అని ముందే అడగండి. లైటు వెలిగితే పక్కనున్న మెత్తటి మంచులోకి దించి కాసేపు మెల్లగా పోనివ్వండి.

మా పిన్ని కొడుకు కుటుంబంతో డాలస్ నుంచి వచ్చినప్పుడు జనవరి చివర్లో, అదీ మంగళ, బుధవారాల్లో తీసుకెళ్లాను. హోటన్ నుంచి ఎదురుగా ఉన్న హాన్‌కాక్‌కి లిఫ్ట్ బ్రిడ్జి, అంటే మధ్యభాగం పైకి లేచే వంతెన, దాటాం. చలికాలంలో పైన కార్లు, ఒకప్పుడు రైళ్లు నడిచిన కింది అంతస్తులో స్లెడ్లు వెళ్తాయి. పిల్లలకు అదే పెద్ద సంబరం. కాపర్ హార్బర్ పైనున్న బ్రాక్‌వే మౌంటెన్ రోడ్డు మీద చలికాలంలో మంచు తీయరు కాబట్టి స్లెడ్ల మీద పైదాకా వెళ్లాం. అక్కడి నుంచి సుపీరియర్‌ని చూడటం కోసమైనా మీరు రావాలని నా కోరిక.

సరస్సుల మీద మాత్రం నడపకండి. పైన మంచు దుప్పటి ఉంటే కింద ఐస్ సరిగా గట్టిపడదు, పైనుంచి చూస్తే తెలియదు. డిసెంబరులో అయితే ఆ ఆలోచనే వద్దు. సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. హెడ్‌లైట్ వెలుగు ఎంత దూరం పడుతుందో, అంతలోపే ఆగగలిగే వేగంలో వెళ్లండి. ముందు బండి లేపే మంచుపొడిలో ఏమీ కనబడదు, కాబట్టి బళ్ల మధ్య దూరం పాటించండి. ఎదురొచ్చేవాళ్లు వేళ్లు చూపిస్తే వెనక ఇంకా అన్ని బళ్లు ఉన్నాయని, పిడికిలి చూపిస్తే తనే ఆఖరని అర్థం. మలుపుల్లో కుడి అంచు వదలకండి. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. లోపల కాటన్, జీన్స్ వద్దు, చెమటకు తడిసి వణికిస్తాయి. తాగి అసలు నడపొద్దు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, పెట్రోలు దొరికిన చోటల్లా నింపుకోండి.

నా మాట వింటే జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మొదటి సగంలోపు, వారం మధ్యలో రండి. ప్రెసిడెంట్స్ డే (ఫిబ్రవరి మూడో సోమవారం సెలవు) వారాంతం మాత్రం వద్దు, జనం విపరీతం. క్రిస్మస్ తప్ప కుదరదంటే క్యాన్సిల్ చేసుకోగల గదే తీసుకోండి. బయల్దేరే ముందు రోజు రాత్రి రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్‌ఆర్) సైట్‌లో ఏ ట్రైల్స్ మూసి ఉన్నాయో, స్థానిక క్లబ్బు గ్రూమింగ్ రిపోర్టులో ఏముందో చూడండి. బాగాలేదని ఉంటే దాదాపు ఎనిమిది గంటలు కారు నడిపి స్లెడ్ కోసం రాకండి. వచ్చినా హాన్‌కాక్ పక్కనే ఉన్న మాంట్ రిప్లీలో స్కీయింగ్ నేర్చుకోండి, అక్కడ మంచు యంత్రాలతో కూడా తయారుచేస్తారు. తేదీలు ఖాయమయ్యాక కింద రాయండి, ఆ వారం ట్రైల్ ఎలా ఉందో చూసి చెప్తాను.