కాగే మందు కాదు, అబ్బీ

కడప

అబ్బీ,

హైపెక్ మీద, అంటే క్యాన్సర్ గడ్డలు తీసేసినాక పొట్ట లోపల వేడి కీమో మందు పోసే ఆపరేషన్ మీద, నీ వ్యాసం అందింది. మీ పెద్దమ్మకు పైకి చదివి వినిపించినా. మొదటి వాక్యం కాగానే, 'అంటే ఆ మందు తాగిస్తారా?' అనడిగింది. 'కడుపులోకి వేడి కీమో పంపే పద్ధతులు రెండు' అని మొదలుపెట్టినావు గదా, ఆమె తప్పేముంది? మనకు కడుపంటే అన్నం పోయే చోటు, బిడ్డ ఉండే చోటు. కడుపుకోత అన్నప్పుడు దుఃఖం కూడా అక్కడే. నువ్వు చెప్పేది వీటిలో ఏదీ కాదు. పేగుల్నీ కాలేయాన్నీ కప్పి ఉండే పలుచటి పొర, దాని లోపలి ఖాళీ జాగా. పొట్టేలును కోసినప్పుడు ఆ పొర చూడనోళ్లు మన సీమలో తక్కువ. ముందు దాన్ని గుర్తు చేసి, ఆ తర్వాత పెరిటోనియం అను. 'ఉదరవేష్టనం' మాత్రం కొట్టెయ్, నోరు తిరగదు.

వేడి సంగతి. చాన్నాళ్ల కింద నేనూ హైపెక్ మీద ఒక పత్రికకు రాసినా. 'కాగే మందు పోస్తారు' అని ఒక ముక్క పడేసినా, ఊపుగా ఉంటుందని. మా వీధిలో ఒకామెకు డాక్టర్లు అదే ఆపరేషన్ చెప్పినారు. నా రాత చదివి, పోనంటే పోనని కూర్చుంది. ఆమెను ఒప్పించేసరికి ఇంటోళ్లకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతా చేస్తే ఆ వేడి 41 నుంచి 43 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం మీ కర్నూలు ఎండ అంతే గదా! ఆ పోలిక నాకు అప్పుడు తట్టలేదు. నువ్వు వాడుకో.

నీ రాతలో ప్రాణమున్న చోటు ఆపరేషన్ థియేటరే. తెరిచి చేసే పద్ధతిలో కోసిన చర్మం అంచుల్ని పైకెత్తి ఉక్కు చట్రానికి కట్టేది, పొట్ట గిన్నెలాగా అయ్యేది, పైన ప్లాస్టిక్ షీటు, దానికో చీలిక, అందులోంచి సర్జన్ చెయ్యి లోపలికి పోయి గంటకు పైగా మందును కలుపుతూ ఉండేది. అమెరికా సర్జన్ షుగర్‌బేకర్ పద్ధతికి, రోములో పైకప్పు లేని పాత గుండ్రటి కట్టడం కొలోసియం పేరు ఎందుకొచ్చిందో ఆ గిన్నె చూస్తేనే తెలుస్తుంది. సంగటి గెలికే తెడ్డు మాదిరి ఆ చెయ్యి ప్రతి మూలకూ పోతుంది. కానీ పైనుంచి వేడి పోతుంది, ఆవిరి థియేటర్‌లో ఉన్నోళ్లకు తగలకుండా పీల్చే యంత్రం పెట్టాలి. మూసి చేసేటప్పుడు గొట్టాలూ ఉష్ణోగ్రత చూసే తీగలూ లోపల పెట్టి చర్మం కుట్టేస్తారు, పొట్టను బయటినుంచి ఊపుతారు. వేడి నిలుస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. మందు అన్ని మడతల్లోకీ సమంగా పోయిందా అనేది మాత్రం కళ్లకు కనపడదు. ఇదంతా నువ్వు నాలుగు లైన్లలో ముగించినావు. ఒక పేజీ తీసుకో.

పిపాక్ గురించిన పేరా తీసెయ్. అది కీమో మందును పొట్టలో తుంపరగా చల్లే స్ప్రే, అందులో వేడే లేదు.

ఇంక నీ తీర్పు, 'మూసిన పద్ధతే మేలు.' ఎవరిచ్చినారు నీకా అధికారం? రెండింటిలో ఫలానాది మేలని తేల్చిన అధ్యయనం లేదు. నువ్వే ఉదహరించిన ఫ్రెంచి అధ్యయనం చూడు. 2021లో వచ్చింది, పెద్దపేగు క్యాన్సర్ మీద. రెండు పద్ధతులూ అనుమతించారు, కానీ ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తెరిచి చేస్తే ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 460 మిల్లీగ్రాములు, మూసి చేస్తే 360. మోతాదే వేరైనప్పుడు మూత ఒక్కదాని గొప్ప ఎట్లా చెప్తావు? పైగా అందులో హైపెక్ వల్ల ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. 2018 నాటి డచ్ అధ్యయనంలో, మూడో దశ అండాశయ క్యాన్సర్ ఆడోళ్లలో, ఆపరేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే మందుతో హైపెక్ చేస్తే మధ్యస్థ జీవితకాలం 33.9 నెలల నుంచి 45.7 నెలలకు పెరిగింది. ఏ క్యాన్సర్, ఏ మందు, ఎంతసేపు అనేవి మూత కంటే పెద్ద ప్రశ్నలు. అంతకంటే పెద్దది ఇంకోటుంది. మందు కణితిలోకి కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది, కాబట్టి కంటికి కనపడే గడ్డలన్నీ ముందే తీసెయ్యాలి. అది నీ ఏడో పేరాలో నక్కి కూర్చుంది. మొదటికి తే.

రాసి మళ్లీ పంపు. ఈసారి మీ పెద్దమ్మకే ఇస్తా, ఆమె అడిగే ప్రశ్నలు పక్కన పెన్సిలుతో రాసి పంపుతా. కోపగించుకోవద్దు.

మీ పెదనాయన