గుణుపురం నుంచి మ్యాచ్‌లకి తిరిగేవాళ్లకి ఎయిర్ రైఫిల్ హ్యాండ్ పంపు పనికొస్తుందా?

నువ్వు అడిగినవి రెండు ప్రశ్నలు. విదేశాల్లో వాడేసిన తూటాలని మళ్లీ నింపుకునే హ్యాండ్ ప్రెస్‌ని సంచిలో పెట్టుకుని తిరుగుతారట, మనమూ తెప్పించుకోవచ్చా అన్నది మొదటిది. దాని జోలికి పోకు తమ్ముడూ. తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. ఇంట్లోనో లాడ్జిలోనో చేసుకునే పని కాదది.

రెండోది 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ సిలిండర్‌ని (రైఫిల్‌కి బిగించే గాలి డబ్బా) దారిలో హ్యాండ్ పంపుతో నింపుకోవడం. (షాపులో హ్యాండ్ పంపు అంటే బోరింగు అనుకుంటారు, పీసీపీ పంపు అని అడుగు; పీసీపీ అంటే ముందే గాలి నింపి పెట్టుకునే తుపాకీ.) ఇది హాయిగా చేసుకోవచ్చు. అందరూ కండబలం గురించి బెంగపడతారు గానీ, మన గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఉక్కలో అసలు శత్రువు నీరు.

ముందు ఎంత గాలి కావాలో లెక్క వేసుకో. సిలిండర్ 200 సీసీ అనుకుందాం. దాన్ని 200 బార్‌కి (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) నింపితే మూడు వందలకి పైగా షాట్లు వస్తాయి. 70 బార్ దాకా వాడుకోవచ్చు అనుకుంటే 130 బార్‌కి మూడు వందల షాట్లు. మ్యాచ్‌లో 60 షాట్లు, సైటింగ్‌తో (ముందు గురి సరిచూసుకునే షాట్లు) కలిపి తొంభై అనుకో, ఖర్చయ్యేది 40 బార్. అంటే 160 ఉంటే 40 పోయినా ఇంకా 120 మిగులుతుంది, మ్యాచ్ నిశ్చింతగా అయిపోతుంది. రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కి ఒకే ఒత్తిడి అందించే భాగం) ఉన్న రైఫిల్‌కి 160 అయినా 200 అయినా పెల్లెట్ (చిన్న గుండు) వేగం ఒకటే. కాబట్టి 200 చూడాల్సిందేనని పట్టు పట్టకు. ఆ చివరి 20 బార్ దగ్గరే నడుమూ పట్టేస్తుంది, పంపు సీళ్లూ అరుగుతాయి.

40 బార్ అంటే 200 సీసీ సిలిండర్‌కి 8 లీటర్ల బయటి గాలి. మూడు దశల పంపు ఒక్కో దెబ్బకి 100 నుంచి 150 సీసీ లాగుతుంది. లెక్కకి 80 దెబ్బలు, చేతిలో వందకి దగ్గర. యాభై దెబ్బలు కొట్టి పది నిమిషాలు ఆపు, మళ్లీ యాభై. ఆపేది నీ ఆయాసం కోసం కాదు, పంపు అడుగు గొట్టం కోసం. అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక కూడా కొడుతూ పోతే లోపలి ఓ-రింగులు (గాలి పోకుండా ఆపే రబ్బరు చుట్లు) మెత్తబడి చిరుగుతాయి.

పీఠం మీద రెండు పాదాలూ నొక్కి, పిడిని పూర్తిగా పైకి లాగు. చేతులు చాపి ఒంటి బరువుతో అడుగంటా దించి, అక్కడ ఒక సెకను ఆగు. సగం సగం దెబ్బలు కొట్టేవాళ్లకి గేజి ముల్లు కదలకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. చివరి దశలో ఒత్తిడి సిలిండర్ ఒత్తిడిని దాటితేనే చెక్ వాల్వు (గాలిని ఒకవైపే పోనిచ్చే కవాటం) తెరుచుకుంటుంది. మధ్యలో ఆపితే ఆ గాలి పంపులోనే ఉండిపోతుంది.

ఇక నీటి సంగతి. ముసురు రోజున 30 డిగ్రీల్లో, 85 శాతం తేమ ఉన్నప్పుడు లీటరు గాలిలో సుమారు 25 మిల్లీగ్రాముల నీరు ఉంటుంది. 8 లీటర్లకి 200 మిల్లీగ్రాములు, అంటే నాలుగు బొట్లు. ఆ గాలిని నూట అరవై రెట్లు నొక్కేసరికి ఆవిరి నిలవలేదు, దాదాపు అంతా నీరైపోతుంది. మ్యాచ్‌కి నాలుగు బొట్లైతే సీజన్ మొత్తానికి ఎన్నో చూసుకో. అది సిలిండర్ అడుగునా వాల్వు స్ప్రింగు దగ్గరా కూర్చుని తుప్పు పట్టిస్తుంది, రెగ్యులేటర్‌ని పాడు చేస్తుంది.

దీనికి మొదటి మందు చోటు మార్చడం. లాడ్జిలో ఏసీ గది ఉంటే గంటసేపు ఏసీ నడిపి అక్కడే కొట్టు. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే లీటరుకి 12 మిల్లీగ్రాముల లోపే, నీరు సగానికి సగం తగ్గినట్టే. వంశధార గట్టునో, తడిసిన వరండాలోనో కొట్టకు. రెండోది, ఆగిన ప్రతిసారీ బ్లీడ్ స్క్రూ తిప్పి గొట్టంలో గాలి వదిలెయ్. తెల్ల గుడ్డ అడ్డం పెట్టు, తడి మరక కనిపిస్తుంది. మూడోది సిలికా జెల్ ఫిల్టర్. నారింజ రంగు పూసలు తడిస్తే ఆకుపచ్చగా మారతాయి, 110–120 డిగ్రీల్లో రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ నారింజకి వస్తాయి. పూసలు చితికి పొడైతే పారెయ్, ఆ పొడి వాల్వులోకి పోతే నీటికంటే చేటు.

నూనె విషయంలో మొహమాటం లేకుండా చెప్తున్నా. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, గ్యారేజీ గ్రీజు ఏదీ పంపు దగ్గరికి రానివ్వకు. 200 బార్‌కి నొక్కిన వేడి గాలిలో నూనె ఆవిరి డీజిల్ ఇంజన్‌లో మండినట్టే మండుతుంది. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ వేలికి అంటీ అంటనట్టు. అలాగే వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకు, ఆక్సిజన్‌తో నింపితే పేలుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ ఇచ్చేది 8, 10 బార్, పైగా నూనె గాలి.

రాత్రి 200 ఉన్నది పొద్దుటికి 193 చూపిస్తే లీకని కంగారుపడకు. 35 డిగ్రీల నుంచి 25కి చల్లబడితే అంత తగ్గడం మామూలే. అదే చల్లదనంలో రెండో రాత్రి కూడా దిగితే అప్పుడు సబ్బు నురగ రాసి చూడు. చాలాసార్లు బుడగలు వచ్చేది అడాప్టర్ ఓ-రింగు దగ్గరే. అలాంటివి నాలుగు జేబులో ఉంచుకో, బరంపురంలో ఆదివారం ఆ సైజు వెతకడం దండగ.

రాడ్ మీద ఎర్రమట్టి పడితే గీతలు పడి సీలు పోతుంది. పంపుని నేల మీద పడుకోబెట్టకుండా పాత లుంగీలో చుట్టి తీసుకెళ్లు. సిలిండర్ మీద ముద్రించిన గడువు చూసుకో, అది దాటితే మ్యాచ్‌లో బాధ్యత షూటర్‌దే.

విమానంలో అయితే సిలిండర్ విప్పి పూర్తిగా ఖాళీ చేయాలి. సున్నా నుంచి 160కి 32 లీటర్లు, మూడు వందలకి పైగా దెబ్బలు. అక్కడి రేంజిలో పెద్ద సిలిండర్ దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి అడుగు. .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి కొలత), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, మ్యాచ్ రైఫిల్‌ది ఏడున్నర జౌళ్లే. అయినా నౌపడాలో బండి మారేటప్పుడు కేసు తెరవమంటే చూపించడానికి బిల్లు జిరాక్సు మూత లోపల అంటించి ఉంచు.